ఏడో మంచం వంతు

అసూయపడాలంటే లోకంలో ఒళ్ళు బాగున్నవాళ్ళు ఎంతమంది లేరు! ఆటల సారు పోయి పోయి, రెండు కిడ్నీలూ పాడైపోయిన మనిషిని చూసి కుళ్ళుకున్నాడు. ఇది తప్పని ఆయనకు తెలుసు. తెలిసి సిగ్గుపడేవాడు. సిగ్గుపడి, ఓ పావుగంట ఆగి, మళ్ళీ కుళ్ళుకునేవాడు.

ఆయన డయాలిసిస్ సెంటర్లో టెక్నీషియను. వయసు నలభై ఎనిమిది, సర్వీసు పందొమ్మిదేళ్ళు. పొద్దున్న ఆరున్నరకి మొదటి షిఫ్టు. ఏడు మంచాలు, ఏడు మెషీన్లు, వారానికి మూడు రోజులు అవే ఏడు ముఖాలు. వచ్చినవాళ్ళ బరువు చూసి, పడుకోబెట్టి, ఒక చేతికి రెండు సూదులు గుచ్చి, ఒంట్లో రక్తాన్ని మెషీన్లోకి తీసి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి పంపించడం ఆయన పని. దానికి నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలూ సూదులున్న చెయ్యి కదలకూడదు. రెండో చెయ్యి ఖాళీ. ఈ రోజుల్లో ఖాళీ చేతిలో ఏముంటుందో వేరే చెప్పాలా? ఫోను.

ఎనిమిదేళ్ళ కిందట మూడో మంచం మీద ఒక కాంట్రాక్టరు కారు పందెం ఆట ఆడుతున్నాడు. మలుపు దగ్గర ఆవేశం పట్టలేక రెండో చెయ్యి కూడా ఫోనుకి ఇచ్చాడు. సూది ఊడి వచ్చింది. దుప్పటి, నేల, ఆటల సారు చొక్కా అన్నీ రక్తం. కట్టు కట్టి, ఆపి, ఊపిరి పీల్చుకునేసరికి ఆ మహానుభావుడు కళ్ళు తెరిచి, ‘ఇంతకీ ఎన్నోవాణ్ణి వచ్చాను?’ అని అడిగాడు. ఆ రోజే ఈయన నిర్ణయించుకున్నాడు, తన సెంటర్లో ఎవరి ఫోనులో ఏ ఆట ఉండాలో తానే చూడాలని.

దాన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నాడు. ప్రతి ఆటనీ ముందు ఇంట్లో వారం రోజులు తాను ఆడేవాడు. సాయంత్రం టీ తాగాక ఎడమ చేతిని తువ్వాలుతో కుర్చీకి కట్టేసుకుని, కుడి బొటనవేలితో ఒక వారం. కుడి చేతిని కట్టేసుకుని ఎడమ బొటనవేలితో ఇంకో వారం. కొత్తలో భార్య హడలిపోయింది. తరవాత అలవాటుపడి, ఆయన చెయ్యి ఎలాగూ కట్టేసి ఉంటుంది కదా అని ఆ టైములోనే ఇంటి విషయాలన్నీ మాట్లాడటం మొదలుపెట్టింది.

టైము పెట్టి తరిమే ఆట పనికిరాదు. మెషీను అలారంలా కూసే ఆట అసలే పనికిరాదు. ప్రకటనలు మీద పడేవి, ఓడిపోతే ఎగతాళి చేసేవి, తెర ఎర్రగా వెలిగేవి అన్నీ అవతలికి. ఇలా జల్లెడ పడితే నాలుగు మిగిలాయి. మొదటి గంటకి అంకెల గళ్ళు, అప్పుడు బుర్ర చురుగ్గా ఉంటుంది గనక. రెండో గంటకి మాటలు కూర్చే ఆట. మూడో గంటకి రంగునీళ్ళ సీసాలు: కలగలిసిన రంగుల్ని ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి వంచుతూ, ఏ రంగుకా రంగు విడదియ్యాలి. నాలుగో గంటకి బొమ్మకి రంగులు వెయ్యడం, గెలుపూ ఓటమీ లేకుండా. ఈ నాలుగింటినీ ఖాళీ చెయ్యి ఎటుంటే అటు, బొటనవేలికి అందేలా అడుగు వరసలో పెట్టి, మిగతా సామానంతా రెండో తెరకి తోసేసేవాడు. దాంతో అందరూ ఆయన్ని ఆటల సారు అని పిలవడం మొదలుపెట్టారు. పైకి ‘ఏంటండీ, సిల్లీగా’ అనేవాడు గానీ, ఆ పిలుపు వినకపోతే ఆయనకు రోజు గడిచేది కాదు.

ఇందులో ఒక రహస్యం ఉంది. మూడో గంటలోనే బీపీ పడిపోతుంది చాలామందికి. మెషీను అరగంటకోసారి బీపీ చూస్తుంది. మధ్యలో పడిపోతే దానికి తెలియదు. కానీ ఆటల సారుకి తెలిసేది. బీపీ జారుతున్న మనిషి వేలు సీసాల దగ్గర తడబడుతుంది. పోసిన రంగే మళ్ళీ పోస్తాడు, ఖాళీ సీసాని నొక్కుతాడు. అందరూ ఒకే ఆట ఆడుతుంటే ఎవరి వేగం ఎంతో ఆయనకు కంఠతా వచ్చేది. మూడో గంటలో మంచాల మధ్య తిరుగుతూ, ముఖాలకంటే ముందు వేళ్ళు చూసేవాడు. ఒకసారి డాక్టరుకి చెప్పబోతే ఆయన పడీ పడీ నవ్వి, ‘ఇక బీపీ మెషీన్లు అమ్మేద్దామయ్యా’ అన్నాడు. అప్పటినుంచి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అలాంటి రాజ్యంలోకి ఆవిడ వచ్చింది.

లైబ్రరీలో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అందరూ లైబ్రరీ మేడమ్ అనేవారు. సన్నగా, కళ్ళజోడు తాడుకి కట్టుకుని, గుసగుసకంటే కాస్త పెద్దగా మాట్లాడేది. నాలుగో మంచం ఇచ్చారు, సరిగ్గా నడిమధ్యన. మొదటి రోజు సూదులు గుచ్చాక ఆటల సారు మామూలుగా చెయ్యి చాపాడు.

‘‘ఫోను ఇలా ఇవ్వండి మేడమ్, సర్ది పెడతాను.’’

ఆవిడ ఇచ్చి, ఆయన సర్దుతున్నంతసేపూ కళ్ళార్పకుండా చూసింది. ‘‘ఈ వరస మీరు పెట్టిందేనా?’’

‘‘అవునండీ.’’

‘‘మూడోది అందరికీ ఇదేనా?’’

‘‘అందరికీ ఇదే.’’

‘‘ఊఁ’’ అంది ఆవిడ. ఆ ‘ఊఁ’ ఆయనకు నచ్చలేదు.

రెండో వారానికల్లా పక్క మంచం టైలరమ్మ, ‘‘మేడమ్, ఎప్పుడూ ఇవే నాలుగు, బోరు కొడుతున్నాయండీ. ఇంకేవైనా ఉన్నాయా?’’ అని అడిగింది. అడిగింది సరే, ఎవరిని అడగాలి? ఎనిమిదేళ్ళుగా తువ్వాలుతో చెయ్యి కట్టేసుకుంటున్న మనిషి అక్కడే, మూడు అడుగుల దూరంలో ట్యూబు సరిచేస్తున్నాడు. ఆయన చెవులు కాలిపోయాయి.

ఆవిడేమో, ‘‘ఇవాళ మీ మనసెలా ఉంది? కోడలు ఏమైనా అందా?’’ అని మొదలుపెట్టింది. టైలరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే ఆటల సారుకి సగం రాజ్యం పోయింది.

నెల తిరిగేసరికి అందరి ఫోనులూ మారిపోయాయి. బరువు చూసే మెషీను దగ్గర రెండో మంచం లెక్కల మాస్టారు ఫోను బల్ల మీద పెడితే ఆటల సారు కంట పడింది. ఆవిడ ఆటలన్నిటినీ ఫోల్డర్లు చేసి, గదులు గదులుగా విడదీసి, గదికో పేరు పెట్టింది: ‘నవ్వుకి’, ‘ఎవరిమీదైనా కోపం వస్తే’, ‘నిద్ర వచ్చేటప్పుడు’, ‘డాక్టరు తిట్టిన రోజు’. ఎంత బాగుందో! అంత బాగుండటమే ఆయనకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఇన్నేళ్ళలో తనకు చేతులూ వేళ్ళూ గంటలూ కనిపించాయి గానీ, ఆడేవాళ్ళ మనసు ఒకటుంటుందని తట్టలేదే!

‘‘సీసాల ఆట ఏది మాస్టారూ?’’ గొంతు మామూలుగా పెట్టి అడిగాడు.

‘‘ఉంది లేవయ్యా, ‘నిద్ర వచ్చేటప్పుడు’లో ఉంది. మూడో గంటకి మేం ఇప్పుడు చుక్కలు కలిపి గళ్ళు కట్టే చుక్కలాట ఆడుతున్నాం. ఇద్దరిద్దరం జత. నాకు పక్క మంచం డ్రైవరు జత. ఒక గీత నేను గీస్తే, ఒక గీత తను. వంతు మర్చిపోతే కేకెయ్యాలి, అది మేడమ్ పెట్టిన రూలు’’ అన్నారు మాస్టారు ఉత్సాహంగా.

అక్కడే చెప్పెయ్యాల్సింది, మూడో గంటలో సీసాలు ఎందుకో. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇప్పుడు చెబితే, పోయిన పేరు కోసం దేబిరించినట్టు ఉంటుందని మింగేశాడు. మగవాడి పౌరుషం చూడండి, ఎక్కడ అడ్డం పడిందో!

ఇంట్లో ఆ సాయంత్రం తువ్వాలు బయటికే తియ్యలేదు. ఫోను ముందు పెట్టుకుని తానూ ఒక గది చేసి ‘నవ్వుకి’ అని రాశాడు. అందులో ఏం పెట్టాలో తోచలేదు. అరగంట తరవాత భార్య వచ్చి చూస్తే ఖాళీ గదిని చూస్తూ కూర్చుని ఉన్నాడు.

‘‘ఏమైందండీ?’’

అంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. ‘‘నిన్నగాక మొన్న వచ్చింది! అందరూ మేడమ్, మేడమ్! ఇవాళ ఒక్క షిఫ్టులో ముప్పై నాలుగుసార్లు మేడమ్ అన్నారు. నన్ను సారూ అని పిలిచింది ఆరుసార్లు. అందులో నాలుగు, ఏసీ తగ్గించమని!’’

భార్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ‘‘ఆవిడకి మీ పేరు కావాలంటారు, అంతేనా? పోనీ ఇచ్చెయ్యండి. బదులుగా ఆవిడ కిడ్నీలు మీరు తీసుకోండి.’’

భార్య అన్నది నిజమని తెలిసి ఆయనకు ఇంకా మండింది.

తరవాత చేసిన పని ఆయన జన్మలో మర్చిపోలేడు. నాలుగో మంచం మెషీనుకి సర్వీసింగు ఉందని చెప్పి లైబ్రరీ మేడమ్‌ని ఏడో మంచానికి మార్చాడు. ఏడో మంచం మూలన, పెద్ద స్తంభం వెనక, స్టోరు గది పక్కన ఉంటుంది. అక్కణ్ణించి ఎవరూ కనపడరు, ఎవరికీ కనపడరు. సర్వీసింగు ఒక్క పూటలో అయిపోయింది. ఆ పూట రెండో షిఫ్టుకి వచ్చిన ఏడో మంచం మనిషి నాలుగోదానికి మారాడు. ఆవిడ మంచం మాత్రం మారలేదు. ‘అటువైపు ఎండ పడదు, మీకే హాయి’ అన్నాడు. ఆవిడ ‘‘సరే సారూ’’ అంది. ఎదురుచెప్పి ఉంటే ఆయనకు కాస్త బాగుండేది.

దాంతోపాటు, ‘‘నేనిక ఎవరి ఫోనూ ముట్టుకోను’’ అని అందరూ వినేలా సిస్టరుతో అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. పొద్దున్న సూదులు గుచ్చేవాడు, చివర్లో తీసేవాడు. అరగంటకోసారి చూసే రీడింగులు సిస్టరుకి వదిలేశాడు. మూడో గంట వచ్చిందంటే చాలు, వెనక నీళ్ళ గదిలోకి వెళ్ళిపోయేవాడు. అక్కడ మెషీన్లకి కావలసిన నీళ్ళు శుద్ధి అవుతుంటాయి. ఉన్న ఫిల్టర్లనే మళ్ళీ మళ్ళీ తుడిచేవాడు. ఎంత తుడిచినా తలుపులోంచి కేకలు వినపడేవి: ‘‘మీ వంతు!’’ ‘‘ఇదిగో, గీశా!’’ ‘‘అయ్యో, గడి పోయిందే!’’ నవ్వులు. తాను ఉన్నన్నాళ్ళూ ఆ హాల్లో మూడో గంటలో ఎవరూ నవ్వలేదు. ఆ ఆలోచన ఆయన్ని పిండేసేది.

అలా అయిదు వారాలు గడిచాయి.

ఒక శుక్రవారం తొమ్మిది దాటింది. ఆటల సారు నీళ్ళ గదిలో, నిన్ననే తుడిచిన ఫిల్టరుని ఇవాళ మళ్ళీ తుడుస్తున్నాడు.

‘‘మాస్టారూ, మీ వంతు!’’ డ్రైవరు గొంతు. ఈయన పళ్ళు నూరాడు.

కాసేపటికి మళ్ళీ, ‘‘ఏంటి మాస్టారూ, ఒక్క గీతకి ఇంత ఆలోచనా? మీ వంతు!’’ ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ వెంటనే స్తంభం వెనకనుంచి ఒక అరుపు. ముప్పయ్యేళ్ళు నిశ్శబ్దంగా ఉండండని జనానికి చెప్పిన గొంతు అంత గట్టిగా అరవగలదని ఎవరూ అనుకోలేదు. ‘‘సారూ! రెండు పిలుపులకీ మాస్టారు పలకలేదు! పరిగెత్తండి!’’

ఫిల్టరు చేతిలోంచి జారిపోయింది. పరిగెత్తాడు. మాస్టారి ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, నుదుటిమీద చెమట, ఫోను గుండెల మీద పడి ఉంది. ఆలోచించే పని లేకుండా చేతులు వాటంతటవే కదిలాయి. తలవైపు కిందికి దించాడు, కాళ్ళు పైకెత్తాడు, మెషీను ఒంట్లోంచి నీరు లాగడం ఆపాడు, సెలైను పూర్తిగా తెరిచాడు. సిస్టరు బీపీ చూసి ‘‘డెబ్బై’’ అంది. మెషీను మళ్ళీ తనంతట తాను చూసుకోవడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది.

డాక్టరు పరుగున వచ్చేసరికి మాస్టారి బుగ్గల్లోకి రంగు తిరిగి వస్తోంది. ఇంకో అయిదు నిమిషాలకి కళ్ళు తెరిచి, నీరసంగా, ‘‘వంతు ఎవరిది?’’ అన్నారు.

డ్రైవరు మీసాల మనిషి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ‘‘మీదే మాస్టారూ. ఎంతసేపైనా ఆలోచించుకోండి.’’

ఆటల సారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ప్రాణం కుదుటపడిన మరుక్షణం, ఏం మనిషో చూడండి, మళ్ళీ అదే మంట: నేను ఉండాల్సిన చోట ఆవిడ ఉంది. నేను చూడాల్సింది ఆవిడ విన్నది.

షిఫ్టు అయిపోయింది. అందరినీ విప్పి, చివరికి ఏడో మంచానికి వచ్చాడు. సూదులు తీశాక ఆ రెండు చోట్లా దూది పెట్టి పది నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, లేకపోతే రక్తం ఆగదు. మామూలుగా ఆ పని సిస్టరుకి అప్పగించేవాడు. ఆ రోజు తానే కూర్చుని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. ఇక లేచి వెళ్ళే దారి లేదు.

‘‘ఇక్కణ్ణించి మాస్టారు కనపడరు కదా మేడమ్. ఎలా తెలిసింది?’’

‘‘వినపడతారుగా’’ అంది ఆవిడ. ‘‘లైబ్రరీలో తల ఎత్తకుండానే చెప్పేదాన్ని సారూ, ఎవరు చదువుతున్నారో, ఎవరు పుస్తకం ముందు పెట్టుకుని నిద్రపోతున్నారో. పేజీ తిరిగే చప్పుడు ఆగిపోతుంది. మీరు వేళ్ళు చూస్తారు. నేను చప్పుడు వింటాను.’’

‘‘వేళ్ళ సంగతి మీకెలా...’’

‘‘మొదటి రోజే అనుమానం వచ్చింది. మూడో గంటకి అందరికీ ఒకటే ఆటేమిటా అని. మీరు తిరుగుతుంటే చూశాను. ముఖం చూడరు, బొటనవేలు చూస్తారు. ఎంత తెలివైన ఏర్పాటో అనుకున్నా.’’

ఎనిమిదేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి. అది ఈవిడే అవ్వాలా?

‘‘మరి ఎందుకు మార్చేశారు?’’

‘‘భయం వేసింది సారూ. ఏడుగురికి మీరొక్కరు. ఒకరోజు మీకే జ్వరం వస్తే? అందుకని ఒకళ్ళ వంతు కోసం ఒకళ్ళు ఎదురుచూసే ఆట పెట్టాను. పలక్కపోతే జతవాళ్ళకి తెలుస్తుంది. మీతో చెప్పే చేద్దామనుకున్నా. ఈలోపల మీరు నాతో మాట్లాడటం మానేశారు.’’

మాస్టారికి డ్రైవరు, టైలరమ్మకి ఎదుటి మంచం ఆవిడ, మిగిలిన ఇద్దరూ ఒకరికొకరు. ఆటల సారు మనసులో జతలు కలుపుకుంటూ వచ్చాడు. ఆరు మంచాలకి మూడు జతలు అయిపోయాయి.

‘‘మీకు జత ఎవరు మేడమ్?’’

‘‘ఏడుగురం కదా, ఎలా కలిపినా ఒకరు మిగలాల్సిందే’’ అంది తేలిగ్గా. ‘‘నాకు మీరున్నారుగా అనుకున్నా. నా ఫోను మాత్రం మీరు సర్దినట్టే ఉంచాను, చూడండి.’’

ఖాళీ చేత్తో తెర ఇటు తిప్పింది. అడుగు వరసలో, కుడి బొటనవేలికి అందేలా నాలుగు ఆటలు. ఆయన పెట్టిన నాలుగే. ఒక్కటి కదల్లేదు. మూడోది నొక్కింది. సీసాల ఆట, మూడొందల నలభయ్యో మెట్టు.

‘‘మూడో గంటలో ఫోను ఇలా దారివైపు తిప్పి పట్టుకునేదాన్ని’’ అంది. ‘‘మీరు ఇటు వస్తే వేలు కనపడాలి కదా.’’

అయిదు వారాలు. వారానికి మూడు. పదిహేను మూడో గంటలు. పదిహేనుసార్లు ఈ మూల, ఈ స్తంభం వెనక, ఈ మనిషి ఒక్కతే రంగులు వంచుకుంటూ, రాని మనిషికి కనపడేలా ఫోను తిప్పి పట్టుకుంది. ఇక్కడికి తెచ్చి పడేసింది తాను. ఆవిడకి కూతవేటు దూరంలో ఫిల్టర్లు తుడుచుకుంటూ కూర్చున్నదీ తానే. మాస్టారికి పట్టిన చెమట ఇక్కడ పట్టి ఉంటే, మీ వంతు అని అరిచేవాళ్ళే లేరు.

క్షమించమని అడగాలనుకున్నాడు. దూది మీద వేళ్ళు ఇంకా గట్టిగా నొక్కి, తల వంచుకుని కూర్చున్నాడు. గోడ గడియారంలో పది నిమిషాలు అయ్యాయి. పదిహేను అయ్యాయి. ఆయా వచ్చి పక్క మంచం దుప్పటి మార్చి వెళ్ళిపోయింది.

‘‘సారూ’’ అంది ఆవిడ మెల్లగా, ‘‘రక్తం ఎప్పుడో ఆగిపోయింది.’’

సోమవారం ఆరింటికే వచ్చి, ఎవరి సాయమూ తీసుకోకుండా ఆటల సారు ఆవిడ దిండూ దుప్పటీ నాలుగో మంచానికి, అక్కడివి ఏడోదానికి మోశాడు. మూడో గంట వచ్చింది. ‘మీ వంతు’లు మొదలయ్యాయి. ఆయన కౌంటరు వెనకనుంచి స్టూలు లాక్కొచ్చి, దారి మధ్యలో, ఏడు మంచాలూ కనపడే చోట వేసుకున్నాడు. కాలు చాపితే తగిలేంత దగ్గర్లో నాలుగో మంచం. ఆవిడ అలవాటు చొప్పున ఫోను ఇటు తిప్పి పట్టుకుంది.

‘‘ఆ ఆకుపచ్చది అందులో పొయ్యకండి మేడమ్, ఇరుక్కుపోతారు’’ అన్నాడు. ఇంట్లో తాను రెండొందల పన్నెండో మెట్టు దగ్గర నెల రోజులుగా ఇరుక్కుని ఉన్నాడు.

ఆవిడ అందులోనే పోసింది. ఇరుక్కోలేదు. నాలుగు వంపుల్లో సీసాలన్నీ విడిపోయి, మూడొందల నలభై ఒకటి వచ్చింది. ఆయనకు ఒళ్ళు భగ్గుమంది. స్టూలు మీంచి మాత్రం లేవలేదు.